అడిగే పని

నెలాఖరు. రైల్వే వాళ్ల జీతాలు పడేదాకా మా కొట్లో గిరాకీ పల్చగానే ఉంటుంది. బాపు గల్లా దగ్గర పేపర్ చదువుతున్నాడు, నేను ఉద్దెర పుస్తకం ముందేసుకుని ఎవరెవరికి ఫోన్ చేయాలో చూసుకుంటున్నాను. ఈ పనంటేనే నాకు టెన్షన్. మన పైసలే మనం అడగాలి, అదీ వాళ్లు నొచ్చుకోకుండా.

అప్పుడు ఆటో దిగింది సిస్టరమ్మ. కాజీపేట అవతల కొందరు కన్యస్త్రీలు నడిపే ముసలివాళ్ల ఇల్లు ఒకటుంది, అక్కడి నుంచి అప్పుడప్పుడు వస్తుంది. "అన్నా, బియ్యం ఇంక ఉన్నయి, ఈసారి నూకలు గావాలె, బట్టల సబ్బులు గావాలె" అని నేరుగా చెప్పేసింది. పళ్లు లేనివాళ్లకు నూకల జావే దిక్కట. అన్నిటికంటే భారం పెద్దవాళ్లకు వేసే డైపర్లట, ఆ ఖర్చు గురించి దాతలెవరికీ తట్టదట. నిజమే, పుట్టినరోజులకు అందరూ స్వీట్లు, పండ్లే పట్టుకుపోతారు, సగం మందికి షుగర్ ఉన్న ఇంటికి.

బాపు నూకలు తూస్తుంటే నేను ఉండబట్టలేక అడిగాను, ఇట్ల దుకాణం దుకాణం తిరిగి అడగడానికి సిగ్గనిపించదా సిస్టరమ్మా అని. నవ్వి, జాన్ జుగాన్ కథ చెప్పింది. కన్యస్త్రీల సంఘాన్ని సభ అంటారు, ఈమె సభ వేరే, ఆమె సభ వేరే. ఆమె పెట్టిన సభ పేరు లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ద పూర్, సికింద్రాబాద్‌లో కూడా వాళ్ల వృద్ధాశ్రమం ఉంది.

జాన్ జుగాన్ ఫ్రాన్స్‌లో ఇళ్లలో పనిచేసి బతికిన మనిషి. 1839 చలికాలంలో, 47 ఏళ్ల వయసులో, చూపు లేక సగం పక్షవాతంతో ఉన్న ఒక ముసలామెను ఇంటికి తెచ్చి తన మంచం ఆమెకిచ్చి, తను అటక మీద పడుకుంది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. వాళ్లలో కొందరు అప్పటిదాకా అడుక్కుని తిన్నవాళ్లే. మీరు పోవద్దు, మీ బదులు నేను పోతా అని బుట్ట పట్టుకుని అవే ఇళ్లకు తిరిగిందట. ఒకాయన కోపంతో కొడితే "ఇది నాకు, మరి నా పేదలకేమిస్తవు" అన్నదని కూడా చెప్పుకుంటారు. దెబ్బల కథలు నోళ్లలో పడి కొంత నునుపెక్కుతాయి కాబట్టి దాన్ని పక్కన పెడతాను, బుట్ట సంగతి మాత్రం నన్ను వదల్లేదు.

ఇంకోటి చెప్పింది, అది వింటే కోపమొచ్చింది. సభ పెరిగాక పెత్తనం చేతికి తీసుకున్న ఫాదర్ ఒకాయన, 1852లో ఆమెను బయట అడగడం మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టాడు. 1879లో చనిపోయేదాకా, అంటే 27 ఏళ్లు. కొత్తగా చేరిన అమ్మాయిలకు సభ పెట్టింది ఈమేనని కూడా తెలియదట. చివరికి 2009లో పోప్ ఆమెను పునీతురాలని ప్రకటించారు. ఆమెకేం ఒరిగిందని అడిగితే, "ఆమెకెందుకు బిడ్డా, ముసలోళ్లకు అన్నం దొరికింది కద" అన్నది. నాకైతే ఆ జవాబు సరిపోలేదు, ఆ మాటే అన్నాను, సిస్టరమ్మ ఏమీ అనుకోలేదు.

పోతూ పోతూ ఇంకో పని అప్పజెప్పింది: మగవాళ్లకు గడ్డాలు, జుట్టు బాగా పెరిగినయి, ఎవరన్న వచ్చి కత్తిరిస్తరేమో అడిగి చూడమని. సరే అన్నాను కానీ సాయంత్రం దాకా వాయిదా వేశాను. ఉద్దెర వాళ్లకు చేయాల్సిన ఫోన్లన్నీ ముందు చేసేశాను, అదే సులువనిపించింది!

సెలూన్ తమ్ముడి దగ్గరికి పోయి అటూ ఇటూ తిప్పి ముక్కలు ముక్కలుగా చెప్పాను. "మంగళవారం ఎట్లాగు బందే కదక్కా, అస్త" అన్నాడు. అయితే పెట్రోల్ పైసలు అడిగాడు. బాపు ఇస్తానన్నాడు. టవళ్లు అక్కడ ఉంటాయో, మనమే తీసుకుపోవాలో రేపు సిస్టరమ్మకు ఫోన్ చేసి కనుక్కోవాలి.