మా రాణి కీళ్లనొప్పులకు పసుపు ముద్ద

దీపావళి రాత్రి వీధిలో టపాసులు మొదలవగానే మా కుక్క రాణి చేసే పని ఒకటే, గబగబా మెట్లెక్కి మేడ మీద గదిలో మంచం కింద దూరడం. పదేళ్లుగా అదే అలవాటు. మొన్న దీపావళికి మాత్రం మెట్ల దాకా వెళ్లి, ముందు కాళ్లు రెండో మెట్టు మీద పెట్టి, వెనక కాళ్లు ఎత్తలేక అక్కడే నిలబడిపోయి నా వైపు చూసింది. బయట లక్ష్మీబాంబులు పేలుతున్నాయి, దానికి ఒళ్లంతా వణుకు, అయినా పైకి వెళ్లలేకపోతోంది. ఆ రాత్రంతా మెట్ల కింద దాని పక్కనే చాప వేసుకుని పడుకున్నాను.

రాణి లాబ్రడార్, పదకొండేళ్లు నిండాయి. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి నలభై రోజుల పిల్లగా వచ్చింది. పొద్దున్నే లేచేటప్పుడు కాళ్లు బిగుసుకుపోయి నాలుగడుగులు కుంటడం అంతకుముందు నుంచే ఉంది, వయసొచ్చింది కదా అని ఊరుకున్నాం. ఊరుకోకుండా ఉండాల్సింది. డాక్టర్ గారు ఎక్స్‌రే తీసి తుంటి కీళ్లు రెండూ అరిగాయని చెప్పారు. బరువు తూచితే 36 కిలోలు. ఏం పెడుతున్నారమ్మా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను: మూడు పూటలా అన్నం, పొద్దున మా ఇడ్లీల్లో రెండు, మా అత్తయ్య గారు రాత్రి కలిపిపెట్టే పెరుగన్నం. నాలుగు కిలోలు తగ్గించండి, అదే మొదటి మందు అన్నారాయన. నొప్పికి రెండు వారాలకు మాత్రలు రాశారు, లివర్, కిడ్నీల కోసం రక్తపరీక్ష చేయించారు.

పసుపు సంగతి ఆయన చెప్పింది కాదు, నేనే అడిగాను. ఆస్ట్రేలియాలో ఒక పశువైద్యుడు బాగా ప్రచారం చేసిన పసుపు ముద్ద ఒకటుంది: పసుపు, నీళ్లు, నూనె, మిరియాలు, అంతే. నేను చదివినదంతా ఆయన ముందు పెట్టాను. రక్తపరీక్ష బాగానే ఉంది కాబట్టి మాత్రల కోర్సు అయ్యాక కొద్దికొద్దిగా మొదలుపెట్టండి, అయితే బరువు సంగతి మాత్రం వదలొద్దు అన్నారు. ఇది ముందే రాస్తున్నాను, ఎందుకంటే చాలామంది డాక్టరుకి చెప్పకుండా పెట్టేస్తున్నారు. ఇంట్లోదే కదా, పసుపే కదా అంటారు.

ఎందుకు చెప్పాలంటే, ఆ ముద్దలో మిరియాలు ఊరికే వెయ్యరు. పసుపులో పనిచేసేది కర్క్యుమిన్, అది పసుపులో నూటికి మూడు పాళ్ల చుట్టూ ఉంటుంది, నీళ్లలో కరగదు, తిన్నా రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అందుకే నూనె. మిరియాల్లో ఉండే పైపరిన్ ఆ కర్క్యుమిన్‌ని లివర్ వెంటనే బయటికి పంపెయ్యకుండా ఆపుతుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు మనుషుల మీద చూసినప్పుడు, 2 గ్రాముల కర్క్యుమిన్‌కి 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపితే ఒంటికి పట్టేది దాదాపు 20 రెట్లు పెరిగింది. ఇక్కడే జాగ్రత్త కూడా ఉంది. పైపరిన్ కర్క్యుమిన్‌ని ఆపినట్టే కొన్ని మందుల్ని కూడా ఒంట్లో ఎక్కువసేపు నిలబెడుతుంది, అంటే కుక్క వేరే మాత్రలు ఏవైనా వాడుతుంటే వాటి మోతాదు లెక్క తప్పొచ్చు.

సరే, మొదటిసారి చేసింది పాడైంది. అది చెప్పకుండా చేసే పద్ధతి రాయడం సరికాదు.

బజారులో కొమ్ములు కొని, దంచి, మా దగ్గర్లోని మరకి తీసుకెళ్లి పట్టించాను. ఇంటికొచ్చి ముద్ద వండి రాత్రి అన్నంలో పావు చెంచా కలిపాను. తెల్లారేసరికి రాణికి విరేచనాలు, రోజంతా ఏమీ ముట్టలేదు, మూతి పదేపదే నాక్కుంటూ కూర్చుంది. నాకు ఒకటే టెన్షన్, పసుపు పడలేదేమో అనుకున్నాను. మా అత్తయ్య గారు సీసాలో పొడి వేలికి అద్దుకుని నాలిక మీద వేసుకున్నారు. "అమ్మాయ్, ఇందులో కారం తగులుతోంది చూడు" అన్నారు. నేనూ చూశాను. నిజమే, నాలిక చివర చురుక్కుమంది. గుంటూరులో మర అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిరపకాయలే కదా. మన పసుపు పోసే ముందు ఎవరిదో అయిదు కిలోల కారం పట్టి ఉంటారు, లోపల మిగిలింది మన డబ్బాలోకి వచ్చింది. కూరలో అయితే మనకి తెలియను కూడా తెలియదు, పసుపూ కారమూ రెండూ వేస్తాం కదా. కుక్క కడుపుకి అది మంట. మర ఆయన్ని అడిగితే పసుపుకి వేరే మర లేదమ్మా అన్నారు.

సంక్రాంతికి దుగ్గిరాల దగ్గర మా పిన్ని వాళ్ల ఊరు వెళ్లాం. దుగ్గిరాల పసుపు యార్డు గురించి ఈ పక్క వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, విజయవాడ నుంచి తెనాలి వైపు రైల్లో వెళ్లే ప్రతివాళ్లూ ఆ స్టేషను చూసే ఉంటారు. బాబాయి వాళ్లది కౌలు పొలం, రెండెకరాలు పసుపే వేస్తారు. పండగ దాటాక తవ్వకాలు మొదలవుతాయి. దుంపలు తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో రోజుల తరబడి ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పి పాలిష్ పడితే అప్పుడు యార్డుకి వెళ్తుంది. కొమ్ములు వేరు, కాయలు వేరు, వాటి ధరలూ వేరు. రాణి సంగతి చెప్పగానే బాబాయి ఇంటి వాడకానికి అట్టేపెట్టుకున్న బస్తా విప్పారు. "పాలిష్ పట్టనివి తీసుకెళ్లమ్మా, రంగుకోసం పూసేదేమీ ఉండదు" అని ఒక కొమ్ము విరిచి చూపించారు. బాగా ఎండింది ఠంగుమని విరుగుతుంది, లోపల ముదురు నారింజ రంగు. రెండు కిలోలు ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు.

ఈసారి మరకి వెళ్లలేదు. కొమ్ములు కడిగి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, రోట్లో పచ్చడిబండతో ముక్కలు చేసి మిక్సీలో వేసి మెత్తటి జల్లెడ పట్టాను. మిక్సీ జార్ పసుపు రంగు ఇంకా వదల్లేదు. మీకు ఈ ఓపిక లేకపోతే మరలో పసుపు కోసం విడిగా యంత్రం ఉందో లేదో అడిగి తెలుసుకోండి. ఏం చేసినా, పొడి ముందు మీ నాలిక మీద వేసుకుని చూడండి.

దుకాణంలో పొడి కొనేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. గ్లాసు నీళ్లలో ఒక చెంచా వేస్తే మంచి పసుపు అడుక్కి దిగుతుంది, పైన నీళ్లు లేత పసుపుగా ఉంటాయి. నీళ్లు చిక్కటి పసుపు రంగుకి తిరిగితే రంగు కలిపారన్నమాట. పసుపు మెరవడానికి లెడ్ క్రోమేట్ కలిపే దుర్మార్గం ఉంది, అందులో ఉండేది సీసం, కుక్కకైనా మనిషికైనా విషమే. అలాగే పూజకని అమ్మే పసుపు, ముఖానికి రాసుకునే పసుపు దీనికి వాడకండి. అవి తినడానికని చేసినవి కావు.

ఇక చేసే పద్ధతి. ఒక్కసారి ఎక్కువ చెయ్యకండి. పొడి రెండు పెద్ద చెంచాలు, నీళ్లు నాలుగు పెద్ద చెంచాలు స్టీలు గిన్నెలో కలిపి సన్న సెగ మీద పెట్టి కలుపుతూనే ఉండాలి, ఏడు నుంచి పది నిమిషాల్లో జావలాగా మొదలై చిక్కటి ముద్ద అవుతుంది, మధ్యలో బిగిసిపోతే ఇంకో చెంచా నీళ్లు పోసుకోవచ్చు. దించాక గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, అప్పుడే దంచిన మిరియాల పొడి అర టీ చెంచా లోపు, కొబ్బరినూనె ఒకటిన్నర పెద్ద చెంచా వేసి నూనె పైకి తేలకుండా కలపాలి. మిరియాలు ముందే పొడి కొట్టి పెట్టుకోకండి, ఘాటు పోతుంది. ఉప్పు వద్దు. మన చెయ్యి అలవాటుగా వెల్లుల్లి వైపు వెళ్తుంది, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి పనికిరావు, వాటి రక్తకణాలు దెబ్బతింటాయి. చల్లారాక గాజు సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు వారాలు వస్తుంది. ఆ తర్వాత మిగిలినా పారేస్తాను.

మొదటి వారం రోజుకి ఒక్కసారి, పావు టీ చెంచా, కడుపు నిండా తినే అన్నంలోనే కలిపి పెట్టాను. రెండో వారం రెండు పూటలా పావు. ఇప్పుడు రెండు పూటలా అర చెంచాకి కొంచెం తక్కువ, రాణి 30 కిలోల పైన ఉండే కుక్క కాబట్టి. చిన్న కుక్కలకి చిటికెడుతో మొదలుపెట్టాలి. ఖాళీ కడుపుతో పెడితే వాంతి చేసుకుంటుంది. విరేచనం జారినా, గట్టిపడినా మోతాదు తగ్గించండి. నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి.

కొన్ని కుక్కలకి ఇది అసలు వద్దు. పిత్తాశయంలో రాళ్లున్నవి, మూత్రంలో ఆక్సలేట్ రాళ్లు పడేవి (పసుపులో ఆక్సలేట్ బాగానే ఉంటుంది), రక్తం పలచబడే మందులు వాడేవి, ఆపరేషనుకి సిద్ధంగా ఉన్నవి, కడుపుతో ఉన్నవి. పాంక్రియాస్ జబ్బు చేసిన కుక్కకి ఆ నూనె ప్రమాదం. ఇంకొకటి, నొప్పికి తట్టుకోలేకపోతోందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ ఇవ్వకండి. మా పక్కింటి వాళ్లు మొన్న సగం మాత్ర ఇవ్వబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

పనిచేసిందా అని అందరూ అడుగుతున్నారు. 2003లో కీళ్లవాతం ఉన్న కుక్కలకి పసుపు సారం ఇచ్చి ఒక పరీక్ష చేశారు, ఏ కుక్కకి మందు, ఏ కుక్కకి ఉత్తిది అనేది ఎవరికీ తెలియకుండా. కాలు ఎంత బరువు మోపుతోందో యంత్రం మీద కొలిస్తే తేడా తేలలేదు. పరీక్షించిన డాక్టర్ల అంచనాలో మాత్రం కుక్కలు మెరుగయ్యాయి. కాబట్టి రాణిలో వచ్చిన మార్పంతా పసుపుదే అని నేను అనను. నాలుగు కిలోలు తగ్గింది, పెరుగన్నం ఆపినందుకు మా అత్తయ్య గారు వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. జారే టైల్స్ మీద వంటగది దాకా రబ్బరు చాపలు వేశాం. పొద్దునా సాయంత్రం పదిహేనేసి నిమిషాలు మెల్లగా నడిపిస్తున్నాం. వీటన్నిటి పక్కన పసుపు ఒకటి. మోతాదు దాటకుండా పెడుతున్నాను, నష్టం కనపడలేదు, మానెయ్యాలని అనిపించలేదు.

గోధుమరంగు మూతి మాత్రం పచ్చబడింది, గడపకి రాసినట్టు. తిన్నాక తడిగుడ్డతో తుడవకపోతే సోఫా కవర్లకి అంటుకుంటుంది.

నిన్న సాయంత్రం మా ఆయన మేడ మీద బట్టలు తీస్తుంటే, రాణి తనంతట తనే నాలుగు మెట్లెక్కి, కాసేపు ఆగి, ఇంకో మూడు ఎక్కింది. ఆ ఏడో మెట్టు దగ్గర మలుపులో గాలి బాగా వస్తుంది, అక్కడే కూలబడింది. కిందకి పిలవలేదు, రాత్రి అన్నం గిన్నె అక్కడికే పట్టుకెళ్లాను.