గెలిచాడా, గెలిచిందా

శనివారం. క్యాలెండర్‌లో జులై నెల. గ్లాస్గోలో మాత్రం పొద్దున్నుంచీ ముసురే.

బట్టలు ఉతికాను, పప్పుచారు పెట్టాను. సైకిల్ వెనక చక్రం మళ్లీ పంచర్. షాపుకెళ్తే పది పౌండ్లకు తక్కువ తీసుకోరు, అందుకని నేనే కూర్చున్నాను. ట్యూబుని స్నానాల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాను. టీవీలో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు నడుస్తోంది. అప్పుడే అమ్మ వీడియో కాల్ చేసింది.

"ఆ చుక్కల చొక్కా ఏమిట్రా?" అంది టీవీ చూసి.

కొండలెక్కడంలో అందరికన్నా ముందున్నవాళ్లకి ఇచ్చే జెర్సీ అది, తెలుపు మీద ఎర్ర చుక్కలు. "ఈ ఊళ్లోనే పుట్టి, 1984లో అది గెలిచాడమ్మా ఒకాయన" అన్నాను. వెంటనే నాలుక కరుచుకుని "గెలిచింది" అన్నాను.

"ఒకళ్లా, ఇద్దరా?"

ఒక్కరే. అప్పటి పేరు రాబర్ట్ మిల్లర్, ఇప్పుడు స్త్రీగా మారి ఫిలిప్పా యార్క్. ఇంగ్లిష్‌లో అయితే పేరు మార్చేస్తే క్రియ అలాగే ఉంటుంది. తెలుగులో క్రియ దగ్గరికి రాగానే మగా ఆడా తేల్చమంటుంది. నా తంటాలు అమ్మ కాసేపు విని, కుక్కర్ కూత పెడితే వెళ్లి కట్టేసి వచ్చి, "గెలిచారు అనరాదూ! నాకన్నా పెద్దావిడే కదా" అంది.

నిజమే. 1958లో పుట్టారు, గోర్బల్స్‌లో. మా ఇంటి నుంచి క్లైడ్ నది దాటితే అదే. పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరి, అది వదిలేసి రేసుల కోసం ఫ్రాన్స్ వెళ్లిపోయారు. 1980లో ప్యూజో సైకిల్ జట్టు తీసుకుంది. 1984 టూర్‌లో ఆ చుక్కల జెర్సీతో పాటు మొత్తం మీద నాలుగో స్థానం. తర్వాత పాతికేళ్ల దాకా బ్రిటన్ నుంచి ఇంకెవరూ అంత పైకి రాలేదు. 1987లో ఇటలీలో జరిగే జిరో డి ఇటాలియా రేసులో రెండో స్థానం, 1990లో ఫ్రాన్స్‌లోని డోఫినే రేసులో గెలుపు.

నాకు మాత్రం గెలుపులకన్నా 1985 వుయెల్టానే ఎక్కువ గుర్తు. స్పెయిన్‌లో మూడు వారాల రేసు, ఇంకో రెండు రోజుల్లో అయిపోతుంది. మిల్లర్ మొదటి స్థానంలో ఉన్నారు, రెండో అతనికీ ఈయనకీ (చూశారా, మళ్లీ!) తేడా పది సెకన్లు. అందుకే ఆ రెండో మనిషి మీదే కన్నేసి ఉంచారు. ఆరు నిమిషాల పైచిలుకు వెనకున్న పెడ్రో డెల్గాడో తన సొంతూరు సెగోవియా వైపు కొండల్లో ముందుకు జారుకున్నాడు. ఇటు మిల్లర్‌కి పంచర్, సాయానికి జట్టువాళ్లు లేరు, ఎదుట స్పెయిన్ జట్లన్నీ ఒకటై కూర్చున్నాయి. అంత తేడా ఎప్పుడు కరిగిపోయిందో తెలిసేసరికే ఆలస్యమైపోయింది. 36 సెకన్లతో డెల్గాడో గెలిచాడు. మరుసటి ఏడాది అదే రేసులో మళ్లీ రెండో స్థానమే.

అన్నీ మంచి కబుర్లే చెబితే అబద్ధమవుతుంది. 1992లో డోపింగ్ పరీక్షలో దొరికారు కూడా. 1995లో బ్రిటన్ జాతీయ చాంపియన్ అయిన కొద్ది రోజులకే జట్టు మూతపడింది. రేసుల జీవితం అక్కడితో సరి.

ఆ తర్వాత మనిషి మెల్లగా మాయమయ్యారు. తనలో ఏదో తేడా ఉందని చిన్నప్పుడే తెలుసట. సంచలనాలు రాసే పత్రికలు ఇంటిదాకా వెంటపడితే ఇంకాస్త లోపలికి వెళ్లిపోయారు. 2017 జులైలో తనే ఫిలిప్పా యార్క్‌గా బయటికొచ్చి, ఆ నెలలోనే టూర్ మీద టీవీలో మాట్లాడారు. కొండల మీద ఎవరు ఎప్పుడు వేగం పెంచి ముందుకు దూకుతారో ఆవిడ చెబుతుంటే రేసు లోపల కూర్చున్నట్టే ఉండేది.

2023 ఆగస్టులో ఇక్కడే సైక్లింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. జార్జ్ స్క్వేర్ దగ్గర వానలో తడుస్తూ చూశాను. అంతకు కొన్ని వారాల ముందే, యుక్తవయసు దాటాక మారిన ట్రాన్స్ మహిళలు మహిళల రేసుల్లో పాల్గొనకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం రూలు పెట్టింది. ఆఫీసులో వారం రోజులు దాని మీదే వాదనలు. న్యాయంగా పోటీ జరగాలన్న మాటని కొట్టిపారేయలేను. కానీ అంత గట్టిగా వాదించినవాళ్లలో జీవితంలో ఒక్క ట్రాన్స్ మనిషితోనైనా టీ తాగినవాళ్లు లేరు. నేనూ లేను. అందుకే పెద్దగా మాట్లాడలేదు.

సాయంత్రం ఆరింటికి, అంటే ఇండియాలో అమ్మ పడుకునే టైముకి, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్.

"ఏరా, ఆ రోజు స్పెయిన్ రేసులో ఆవిడ వెనకపడిపోతుంటే పక్కన ఒక్కడూ చెప్పలేదా?"

ఏం చెప్పాలో ఆలోచిస్తూ వరండాలోకి వెళ్లి టైరు నొక్కి చూశాను. మళ్లీ గాలి పోయింది.