కింద గడియారం కూడా పడాలి

మా అక్క కొడుక్కు కువైట్ వీసా వచ్చింది. షూన్ వీసా, అంటే కంపెనీల్లో పని చేసే వీసా. ఒక గోడౌన్‌లో కంప్యూటర్ మీద లెక్కలు ఎక్కించే పని. నేను సెలవు మీద కడపలోనే ఉన్నాను కాబట్టి, పోయే ముందు నాలుగు మాటలు చెప్పమని అక్క వాణ్ణి ఎర్రముక్కపల్లెలో మా ఇంటికి పంపించింది. ఏం సామాను తీసుకుపోవాలి, అక్కడ చలి ఎట్లుంటుంది అని అడుగుదామని వచ్చినాడు వాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచి ముందర పెట్టి, "ముందు స్క్రీన్‌షాట్ తీయడం నేర్చుకో రా" అన్నాను.

"ఫోన్‌లో దినామూ తీస్తాంటాం కదా మామా!"

ఫోన్ వేరు. అక్కడ మన పని గంటలు పడేది ఆఫీసు కంప్యూటర్లో. నెల తిరిగితే ఆ పేజీ మనకు కనపడకపోవచ్చు, కనపడినా అంకెలు మారిపోయి ఉండొచ్చు. ఇది నాకు జరిగింది.

2014లో నేనొక కంపెనీలో టైమ్ కీపర్‌ని. నెలకు 120 దినార్లు. కువైట్‌లో 2010 నాటి కార్మిక చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీల్లో పని వారానికి 48 గంటలు, రంజాన్ నెలలో 36 గంటలే, అంటే రోజుకు ఆరు. ఆపైన చేసిన ఓవర్‌టైమ్‌కు మామూలు గంట కూలి మీద నాలుగో వంతు కలిపి ఇవ్వాలి. ఆ రంజాన్‌లో మేము రోజూ ఎనిమిది గంటలే చేసినాం. సిస్టమ్‌లోనూ 8 అనే పడేది. ఎందుకైనా మంచిదని రోజూ సాయంత్రం ఆ పేజీ తెరిచి ప్రింట్ స్క్రీన్ బటన్ నొక్కి, కంప్యూటర్ ఆపి క్యాంపుకు పోయేవాణ్ణి. ఫొటో లోపల ఎక్కడో దాచుకుంటుందని నమ్మకం.

నెలాఖరుకు చూస్తే అన్ని రోజులకూ 6 అని ఉంది. రోజుకు రెండు గంటల లెక్కన నాకు రావలసింది దాదాపు 37 దినార్లు. ఇంటికి పంపే డబ్బులో సగం అది. ముదీర్ (మేనేజర్) దగ్గరికి పోతే "ఆధారం ఏది?" అన్నాడు. ఫోల్డర్లన్నీ వెతికినాను. ఒక్క ఫొటో లేదు.

అప్పట్లో ఆ బటన్ నొక్కితే తెర బొమ్మ క్లిప్‌బోర్డులోకి, అంటే కాపీ చేసింది కాసేపు నిలిచే చోటికి పోయేది, అంతే. ఇంకోటి కాపీ చేస్తే పాతది పోతుంది, కంప్యూటర్ ఆపితే అసలే పోతుంది. పెయింట్ అనే బొమ్మల ప్రోగ్రామ్ తెరిచి, కంట్రోల్ పట్టుకుని వి నొక్కి అతికించి, కంట్రోల్ ఎస్‌తో సేవ్ చేస్తేనే అది మనది. శుక్రవారం కువైట్ సిటీలోని మాలియాలో మన తెలుగోళ్లంతా కలిసేచోట, ఒక పెద్దాయన ఈ మూడు మెట్లూ నేను ఇంటికి డబ్బు పంపిన రసీదు వెనకాల పెన్నుతో రాసిచ్చినాడు. ఆ రసీదు అక్షరాలు మాసిపోయినా, ఇప్పటికీ నా పాస్‌పోర్టు కవరులో ఉంది. మరుసటి ఏడాది నాలుగు శుక్రవారాల పని లెక్కలో తప్పిపోయినప్పుడు, తేదీల వారీగా నాలుగు ఫొటోలు ప్రింటు తీసి బల్ల మీద పెట్టినాను. తరువాతి నెల జీతంలో ఆ డబ్బు కలిసి వచ్చింది.

ఇప్పుడు పని సులువైంది. విండోస్ బటన్, ప్రింట్ స్క్రీన్ కలిపి నొక్కితే పిక్చర్స్‌లో స్క్రీన్‌షాట్స్ అనే ఫోల్డర్‌లో ఫొటో తనంతట తానే పడుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ బటన్ కూడా పట్టుకోవాలి. విండోస్, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కితే కావలసిన ముక్క వరకే గీసుకోవచ్చు.

మా వాడికి ఆ ముక్క తీసేదే నచ్చింది. తన పేరున్న వరుస మటుకు నీటుగా కత్తిరించి చూపించినాడు.

"బాగుంది గానీ, ఇది ఏ రోజుదో ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

గంటల లెక్క కోసం తీసేటప్పుడు తెర మొత్తం పడాలి. పైన పేజీ అడ్రసు, కింద కుడి మూల తేదీ, గడియారం. తెరను ఫోన్‌తో ఫొటో తీసినా గీతలు గీతలుగా వస్తుంది, అంకెలు సరిగ్గా కనపడవు. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు ముందు ఏడాది, తరువాత నెల, తరువాత రోజు రాస్తే అన్నీ వరుసలో ఉంటాయి. ఒకటి మాత్రం వాడికి గట్టిగా చెప్పినాను. నీ గంటల పేజీ తప్ప ఇంకొకరి జీతం, కంపెనీ బిల్లులు అందులో పడకూడదు. అవి బయటికి పోతే అక్కడ ఉండనిచ్చే పర్మిట్‌కే, మన అకామాకే ముప్పు. సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు) నంబరు కనపడే ఫొటో ఎవరికైనా పంపాల్సి వస్తే ఆ నంబరు మీద పెయింట్‌లో నల్ల డబ్బా పెట్టి మూసేయాలి. సన్నటి గీత గీస్తే అంకెలు కింద నుంచి కనపడతాయి.

ఆ రాత్రి వాడు అన్నం తినే దాకా అదే పని. అగ్రిమెంటు, వీసా కాపీ, టికెట్, ఏజెంటుకు కట్టిన డబ్బు వివరం, ఒక్కొక్కటీ తెరిచి తీసుకున్నాడు. మా అక్క ఫోన్ చేసి "ఇంకా పంపలేదేంది వాణ్ణి?" అని అడిగింది. ఇంకొక అరగంట ఉండనీ అన్నాను.

వాడు చెన్నై మీదుగా పోయి పద్దెనిమిది రోజులైంది. నిన్న రాత్రి 9:35కు నా ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. కింద మాట ఏమీ లేదు. తెర మొత్తం ఉంది. వాడి పేరున్న వరుస చివర 8 అనే అంకె చుట్టూ ఎర్ర సున్నా చుట్టినాడు. కుడి మూల గడియారం, కువైట్ టైమ్ 7:05.