తమ్ముడి లోన్ కోసం పద్దెనిమిది రోజుల తిరుగుడు

మొన్న ఆదివారం మా తమ్ముడు ఇంటికొచ్చాడు. బ్యాగు దించకముందే జేజి వాడి మొహం చూసి "ఇట్లా చిక్కిపోయినావేంరా" అని ఏడ్చింది. నేను వాడి పిక్కలు చూశాను. రాయిలా ఉన్నాయి. తొమ్మిది మ్యాచ్‌లు ఆడాడు, అందులో ఏడింట్లో మొదటి నిమిషం నుంచీ ఉన్నాడు. మొత్తం 612 నిమిషాలు. అంతకుముందు రెండేళ్ళు ఒక పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులో కాంట్రాక్టు మీద ఉండి సీనియర్ జట్టుకి వాడు ఆడింది సున్నా. ఆ సున్నా 612 కావడానికి జనవరిలో పద్దెనిమిది రోజులు నేను ఆఫీసుల చుట్టూ తిరిగాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. మా జిల్లాలో బంతి తన్నే పిల్లలున్న ఇళ్ళు చాలా ఉన్నాయి, వాళ్ళకి ఇవన్నీ చెప్పే దిక్కు లేదు.

మాది అనంతపురం జిల్లా. నేను గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని. తమ్ముడికి పంతొమ్మిదేళ్ళు, లెఫ్ట్ వింగ్ ఆడతాడు, అంటే ఎడమ అంచు నుంచి దాడి చేసే చోటు. డిసెంబరు ఆఖర్లో ఫోన్ చేసి "అక్కా, నన్ను ఐ-లీగ్ క్లబ్బుకి లోన్ మీద పంపుతారంట" అన్నాడు. ఐ-లీగ్ అంటే పెద్ద లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కింది మెట్టు. మా నాయన శనక్కాయ పంటకి తెచ్చిన బ్యాంకు లోను రెండుసార్లు తిరగరాయించుకున్న మనిషి. ఆ మాట చెవిన పడగానే లేచి బయటికి పోయాడు. తర్వాత, ఆటలో లోన్ అంటే సొంత క్లబ్బు తన ఆటగాణ్ని కొన్నాళ్ళు ఇంకో క్లబ్బుకి ఆడమని పంపడమని నేను విడమర్చి చెబితే ఇంకా బాధపడ్డాడు. "మనిషిని అరువిస్తారామ్మా? వాడు పనికి రాలేదనే కదా?" అన్నాడు.

పనికి రాలేదని కాదు. పెద్ద క్లబ్బుల్లో వింగ్ మీద, ముందు వరసలో ఆడేది ఎక్కువగా విదేశీ ఆటగాళ్ళే. ఐఎస్ఎల్‌లో ఒకేసారి నలుగురు విదేశీయులు మైదానంలో ఉండొచ్చు. ఓడితే కోచ్ ఉద్యోగం పోతుంది, పంతొమ్మిదేళ్ళ పిల్లాడి మీద ఆయన పందెం కాయడు. వీడేమో రోజూ ప్రాక్టీస్ చేస్తాడు, రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్‌లో తన ఈడు పిల్లలతో కొన్ని మ్యాచ్‌లు ఆడతాడు, మిగతా రోజులు స్టాండ్‌లో కూర్చుని చూస్తాడు. ముప్పై ఏళ్ళ డిఫెండర్ మోచేత్తో పొడిస్తే ఎలా నిలబడాలో స్టాండ్‌లో కూర్చుంటే రాదు. ఒకప్పుడు ఇలాంటి పిల్లల కోసమే ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఇండియన్ యారోస్ అని ఒక జట్టుని ఐ-లీగ్‌లో ఆడించేది. 2017 అండర్-17 ప్రపంచకప్ ఆడిన కుర్రాళ్ళు చాలామంది అందులోకే వెళ్ళారు. 2022లో దాన్ని మూసేశారు. ఇప్పుడు మిగిలిన దారుల్లో లోనే పెద్దది.

నాయనకి హ్యారీ కేన్ సంగతి చెప్పాను. ఇంగ్లండ్ తరఫున అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడు. టోటెన్‌హామ్ వాళ్ళు అతన్ని 2011 నుంచి 2013 మధ్య నాలుగు క్లబ్బులకి అరువిచ్చారు: లేటన్ ఓరియంట్, మిల్‌వాల్, నారిచ్, లెస్టర్. చివరి దాంట్లో ఎక్కువగా బెంచీ మీదే కూర్చున్నాడు. బెక్‌హామ్‌ని కూడా మాంచెస్టర్ యునైటెడ్ 1995లో ప్రెస్టన్‌కి పంపింది, ఆడింది ఐదు మ్యాచ్‌లే. నాయన అంతా విని "వాళ్ళ అక్కలు కూడా ఇట్లే తిరిగినారా?" అని అడిగాడు. అప్పటికి నేనింకా తిరగడం మొదలుపెట్టలేదు.

రెండు క్లబ్బులూ మాట్లాడుకోవడం నాలుగు రోజుల్లో అయిపోయింది. వైద్య పరీక్ష ఒక పూట. ఒప్పందం మెయిల్‌లో వచ్చింది, ఆరు పేజీలు. అది నేనే చదివాను, నాలుగుసార్లు. తమ్ముడైతే సంతకం ఎక్కడని మాత్రమే అడిగాడు. అందులో ఒక్క వాక్యం నేను పట్టుకున్నాను, ఇది గొప్పగానే చెప్పుకుంటాను. ఫిఫా నిబంధనల్లో, వేరే రాతపూర్వక ఒప్పందం లేకపోతే, లోన్ ఉన్నంత కాలం సొంత క్లబ్బుకీ ఆటగాడికీ మధ్య ఉన్న కాంట్రాక్టు బాధ్యతలు ఆగిపోతాయి. అంటే జీతం, వైద్యం అన్నీ అరువు తీసుకున్న క్లబ్బు నెత్తిన పడతాయి. చిన్న క్లబ్బు చేతులెత్తేస్తే పిల్లాడు ఎవర్ని అడగాలి? మా కాగితంలో జీతం ఎవరిస్తారో ఉంది, గాయమైతే ఆపరేషన్ ఖర్చు ఎవరిదో లేదు. అడిగి రాయించాను. సొంత క్లబ్బులో ఒకాయన "మేడమ్, ఇప్పటిదాకా ఎవరూ ఇది అడగలేదు" అన్నాడు. అడగాల్సిందే. మోకాలు పిల్లాడిది.

ఇంతవరకూ ఇబ్బంది లేదు. జనవరి 11న కొత్త క్లబ్బు టీమ్ మేనేజర్ ఫోన్ చేశాడు. ఫెడరేషన్ రిజిస్ట్రేషన్ సిస్టమ్, అందరూ సీఆర్ఎస్ అంటారు, అందులో బదిలీ కదలడం లేదు. తమ్ముడి పేరు మీద రెండు ఐడీలున్నాయి.

ఎలా వచ్చాయో నాకు రెండు నిమిషాల్లో అర్థమైంది, ఎందుకంటే నా ఉద్యోగమే అది. పదమూడేళ్ళప్పుడు వీణ్ని ఒక అకాడమీ వాళ్ళు రిజిస్టర్ చేశారు. అప్పటి ఆధార్‌లో ఇంటిపేరుకి ఒక్క అక్షరం, తర్వాత పేరు. పదిహేడేళ్ళకి క్లబ్బు వాళ్ళు పాస్‌పోర్టు చూసి మళ్ళీ రిజిస్టర్ చేశారు. అందులో ఇంటిపేరు పూర్తిగా, అదీ చివర్న. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగానే ఉంది కానీ ముందు ఉంది. మనకి ముగ్గురూ ఒకడే. కంప్యూటర్‌కి ముగ్గురు. తెలుగువాళ్ళ పేర్ల సంగతి తెలియని వాళ్ళు తయారుచేసిన ఫారాల్లో మనం నింపుకుంటూ పోతే ఇలాగే జరుగుతుంది. రోజూ ఇలాంటివి పది సరిచేసే నేను మా ఇంట్లోది చూసుకోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పాత ఐడీ ఇచ్చిన చోటే దాన్ని సరిచేయించుకురమ్మన్నారు. అది వేరే ఊళ్ళో, ఒక సంఘం ఆఫీసు. ఏ ఊరో ఏ సంఘమో రాయను. సంక్రాంతికి మూతపడింది. కనుమ మరుసటి రోజు రాత్రి బస్సెక్కాను. పొద్దున తొమ్మిదికి గేటు ముందున్నాను, పదకొండున్నరకి తాళం తీశారు. బల్ల వెనక ఒకాయన కూర్చున్నాడు. నేను నోరు తెరిచి రెండు ఐడీలు అనగానే పెన్ను కింద పెట్టి నవ్వాడు. ఆ గదిలో ఇంకో ఆరుగురున్నారు. ముగ్గురు పిల్లలు, వాళ్ళ తండ్రులు. వాళ్ళందరికీ వినపడేటట్టు "మీ పల్లెటూళ్ళల్లో ప్రతివాడికీ రెండు పుట్టినరోజులుంటాయి కదమ్మా. ఏది అసలుదో ఇంట్లో అడిగి రండి" అన్నాడు.

వయసు దొంగతనం అంటున్నాడు. రెండు ఐడీలంటే ఆటల్లో మొదట వచ్చే అనుమానం అదే, నాకూ తెలుసు. వయసు తగ్గించుకుని చిన్నపిల్లల టోర్నమెంట్లు ఆడేవాళ్ళున్నారు, వాళ్ళవల్ల నిజమైన చిన్నపిల్లలు నష్టపోతున్నారు, పట్టుకోవాల్సిందే. కానీ నా చేతిలో ఫైలుంది. రెండు ఐడీల్లో పుట్టిన తేదీ ఒక్కటే. మెమోలో అదే, ఆధార్‌లో అదే, పాస్‌పోర్టులో అదే. మారింది ఇంటిపేరొక్కటే. ఆ ఫైలు ఆయన ముందు పెడితే వేలితో నా వైపు తోశాడు. తెరవలేదు. బర్త్ సర్టిఫికెట్ తెమ్మన్నాడు.

మా తమ్ముడి బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీ. ఆ రోజుల్లో పేరు పెట్టకముందే నమోదు చేసేవాళ్ళు, తర్వాత చేర్పించుకోవాలని ఎవరూ చెప్పలేదు. ఖాళీ గడి చూపిస్తే ఆయన ఏమంటాడో నాకు తెలుసు. తిరిగి ఊరికొచ్చి పేరు చేర్పించాను. మా అమ్మ ప్రసవానికి పోయిన పట్టణం మున్సిపాలిటీలో రిజిస్టరు వెతికించడానికే రెండు రోజులు పట్టింది. నోటరీ అఫిడవిట్ చేయించాను. బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ తెచ్చాను. మళ్ళీ రాత్రి బస్సు. ఈసారి ఆయన "ఇవన్నీ ఇప్పుడు పుట్టించినవే కదా, తేదీలు చూడండి, ఈ నెలవే" అన్నాడు.

నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నాకు ఇరవై ఆరేళ్ళు, ఆరేళ్ళుగా ప్రభుత్వ ఆఫీసులో పని చేస్తున్నాను. నా టేబుల్ ముందు నిలబడ్డ ముసలమ్మని కూడా ఏనాడూ అలా మాట్లాడలేదు. ఆ గదిలోంచి ఒక తండ్రి బయటికొచ్చి నీళ్ళ సీసా ఇచ్చాడు. మెల్లగా ఒక నంబరు కూడా ఇచ్చాడు, "నలభై వేలు అడుగుతాడు, రెండు రోజుల్లో అయిపోతుంది" అన్నాడు. నీళ్ళు తాగాను. నంబరు రాసుకోలేదు. ఇలాంటి ఏజెంట్లకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. వాళ్ళు చేసేదల్లా మీరు పంపగల మెయిలే ఇంకొకడి చేత పంపించడం.

ఆ మెట్ల మీదే తమ్ముడికి ఫోన్ చేసి అరిచాను. పాపం, వాడు హాస్టల్ గదిలో సర్దిన బ్యాగు పక్కన కూర్చుని ఉన్నాడు. సొంత క్లబ్బులో వాడి మంచం అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు, పరుపు నేల మీద వేసుకుని పడుకుంటున్నాడట. అది అంతవరకూ నాకు చెప్పలేదు. నేను అరవడం ఆపాక, "అక్కా, పద్నాలుగేళ్ళప్పుడు నా చెయ్యి ఎక్స్‌రే తీశారు గుర్తుందా?" అన్నాడు.

ఎడమ మణికట్టు ఎక్స్‌రే. ఎముకల ఎదుగుదల చూసి వయసు అంచనా వేసే పరీక్ష, టీడబ్ల్యూ3 అంటారు. అండర్-ఏజ్ టోర్నమెంటుకి ముందు తీశారు. అందులో వీడు నెగ్గాడు. ఆ రిపోర్టు మీద ఉన్నది పాత ఐడీ, అంటే మేం దాచిపెట్టామని ఆయన అనుమానించిన అదే ఐడీ. ఐదేళ్ళ కిందటి తేదీతో, ఎవరూ పుట్టించలేని కాగితం. ఆ ఫొటో మా అమ్మ ఫోన్లో ఉంది. నేనే ఎప్పుడో పంపించాను.

మళ్ళీ లోపలికి పోలేదు. కొత్త క్లబ్బు టీమ్ మేనేజర్‌కి పంపాను. ఆ కుర్రాడికి పాతికేళ్ళుంటాయేమో, నా హిందీ అంతంతమాత్రం, అతని ఇంగ్లీషు అంతకన్నా తక్కువ. రాత్రి పదకొండు దాకా ఫోన్లో కూర్చుని ఇద్దరం ఒక్కో కాగితానికి నంబరు వేసి, మూడు పేర్లూ ఎందుకు వేరుగా ఉన్నాయో పట్టీ గీసి, ఢిల్లీకి ఫెడరేషన్‌కి మెయిల్ పెట్టాం. రెండు ఐడీలూ ఒకటి చేయమని, పాత చరిత్ర అంతా ఉంచమని. రెండు రోజుల్లో కలిపేశారు. 29న సాయంత్రం బదిలీ పచ్చ రంగులోకి మారింది. బదిలీలు చేసుకునే గడువు, విండో అంటారు, 31తో మూసేస్తారు. బల్ల వెనకాయన సంతకం అసలు అవసరమే రాలేదు. మరి నన్ను రెండుసార్లు ఎందుకు తిప్పినట్టు?

ఆ తర్వాతంతా వాడి కష్టమే. ఎముకలు కొరికే చలి, అన్నం బదులు రొట్టెలు. అక్కడి కోచ్ వాణ్ని వింగ్ నుంచి తీసి లెఫ్ట్ బ్యాక్‌లో, అంటే ఎడమవైపు డిఫెన్స్‌లో పెట్టాడు. వాడు అలిగాడు. మూడో మ్యాచ్‌లో నేను ఫోన్లో చూస్తున్నాను, అవతలి వింగర్ రెండుసార్లు వీణ్ని దాటి పోయాడు, రెండోసారి గోల్ పడింది. మూడోసారి వీడు ముందే రెండడుగులు లోపలికి జరిగి నిలబడ్డాడు, బంతి నేరుగా కాళ్ళ దగ్గరికి వచ్చింది. రెండేళ్ళ ప్రాక్టీసులో ఆ రెండడుగులు ఎవరూ నేర్పలేదు. లోన్ ఇందుకే. అయితే పంపిన క్లబ్బు నుంచి ఈ మూడు నెలల్లో వాణ్ని చూడడానికి ఒక్కరూ రాలేదు, ఒక్క ఫోన్ వచ్చింది. యూరప్‌లో పెద్ద క్లబ్బులు లోన్ మీద పోయినవాళ్ళని చూసుకోవడానికే ఒక మనిషిని పెట్టుకుంటాయి. ఇక్కడ పంపేసి మర్చిపోతారు. అరువిచ్చిన పలుగూ పారా అయినా మా ఊళ్ళో మధ్యమధ్యలో పోయి చూసుకుంటారు.

ఇంకో మాట. ఎవరైనా మూడేళ్ళ లోన్, నాలుగేళ్ళ లోన్ అంటే అక్కడే ఆగండి. ఫిఫా 2022లో మార్చిన నిబంధనల్లో లోన్ ఏడాది దాటకూడదు, అరువు తీసుకున్న క్లబ్బు మళ్ళీ ఇంకొకరికి అరువివ్వకూడదు. మన దేశంలో అన్వర్ అలీ అనే డిఫెండర్ నాలుగేళ్ళ లోన్ గొడవ 2024లో ఎంత దూరం పోయిందో తెలిసిందే: ఫెడరేషన్ కమిటీ నాలుగు నెలల నిషేధం, 12.9 కోట్ల పరిహారం అంటే, ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. అతనికి లాయర్లున్నారు. మన పిల్లలకి మనమే ఉన్నాం. సొంత క్లబ్బు వెనక్కి పిలవాలన్నా విండో తెరిచి ఉన్నప్పుడే రిజిస్ట్రేషన్ మారుతుంది కాబట్టి, జనవరిలో పోయినవాడు సీజన్ అయ్యేదాకా అక్కడే. అది తెలిసే పంపండి. ఐడీ నంబరు ఈ రోజే అడిగి రాసిపెట్టుకోండి. పాత ఎక్స్‌రే రిపోర్టులు పారేయకండి.

కాగితం మీద తమ్ముడి లోన్ మే 31 దాకా ఉంది. జూన్‌లో సొంత క్లబ్బుకి పోతాడు, లెఫ్ట్ బ్యాక్‌గా చూస్తారో మళ్ళీ స్టాండ్‌లో కూర్చోబెడతారో అప్పుడు తెలుస్తుంది. వాడు మాత్రం రోజూ పొద్దున ఐదుకి లేచి చెరువు కట్ట మీద పరిగెడుతున్నాడు. నిన్న సచివాలయానికి పక్క ఊరి పిల్లాడొకడు వాళ్ళమ్మతో వచ్చాడు, పద్నాలుగేళ్ళు, గోల్‌కీపరట. ఆధార్ తీసి చూశాను, ఇంటిపేరుకి ఒక్క అక్షరమే ఉంది. బడి రికార్డులో పూర్తిగా ఉంది. కుర్చీ చూపించి కూర్చోమన్నాను.