తండ్రి పేరు గడి

నవంబరు, ఆదివారం. రాత్రి పదిన్నర.

తెల్లారకముందు పట్టిన ముసురు ఇంకా వదల్లేదు. కావలి వైపు ఈ నెలలో ఇంతే. గొడుగు తీసుకుపోతే ఎండ కాస్తుంది, మరిచిపోతే తడిసి రావాలి. ఇవాళ మరిచిపోయాను.

పొద్దున పూజ అయ్యాక ఒక జ్ఞానస్నానం ఉంది. రిజిస్టరు రాయడం రెండు నిమిషాల పని. మా నాయన గుళ్ళో బోధ చెప్పే ఉపదేశిగా ఉన్న రోజుల నుంచీ అది మా ఇంటి పనే. నేను ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్ మిషన్) స్కూల్లో పంతులుగా చేరాక, చేతిరాత గుండ్రంగా ఉందని అప్పటి ఫాదరుగారు నాకు అప్పజెప్పారు. నలభై ఏళ్ళు దాటింది. ఫాదర్లు మారుతున్నారు, నేను మారలేదు.

ఇవాళ పెన్ను మూత తీసేలోపు ఫాదరుగారు ఆపారు. "ఉండండి మాస్టారూ, ఒకసారి చూసుకుని రాద్దాం" అని ప్లాస్టిక్ కవరులోంచి రెండు కాగితాలు తీశారు. ఒకటి కలెక్టరు సంతకంతో దత్తత ఉత్తర్వు, రెండోది పాప జనన ధ్రువపత్రం. ఇదివరకు ఈ ఉత్తర్వు కోర్టు ఇచ్చేది, 2022 సెప్టెంబరు నుంచి కలెక్టరే ఇస్తున్నారు. పాపకి పద్నాలుగు నెలలు. పేరు ఇక్కడ రాయను, అది వాళ్ళ ఇంటి సంగతి.

ఫాదరుగారు శ్రీసభ, అంటే మా కేథలిక్ చర్చి, చట్టం పుస్తకం తెరిచి 877వ నియమం దగ్గర వేలు పెట్టారు. దత్తత బిడ్డయితే పెంచుకున్నవాళ్ళ పేర్లు రాయాలి. కన్నవాళ్ళ పేర్ల ప్రస్తావన ప్రభుత్వ రికార్డులో వాటిని రాసే ఆచారం ఉన్నచోట వస్తుంది. ఈ జనన పత్రంలో వీళ్ళిద్దరి పేర్లే ఉన్నాయి. తండ్రి పేరు గడిలో ఆయన పేరు, తల్లి పేరు గడిలో ఆమె పేరు రాసి అద్దుడు కాగితం అద్దాను. మిగతా పేజీలో ఉన్న పిల్లలకీ ఈ పిల్లకీ కంటికి కనిపించే తేడా ఏమీ లేదు.

బీరువాలో పాత రిజిస్టర్లున్నాయి, మిల్ హిల్ మిషనరీ ఫాదర్ల కాలం నాటివి, లాటిన్‌లో. చిన్నప్పుడు నాయన పక్కన కూచుని వాటిని తిప్పేవాణ్ణి. కొన్నిచోట్ల తండ్రి పేరు గడిలో 'ఇగ్నోతుస్' అని ఉండేది. ఆ ఇగ్నోతుస్ ఎవరో చాలామంది పిల్లలున్న పెద్దమనిషి అనుకున్నాను. 'తెలియదు' అని దానికి అర్థమని నాయన చెప్పినప్పుడు నాకు పదేళ్ళుంటాయి. నాయన నవ్వలేదు.

బయట మెట్ల మీద జనం పాప చుట్టూ మూగారు. ఒకామె బుగ్గ గిల్లి, "తెల్లంగానే ఉందే!" అంది. ఇంకొకామె గొంతు తగ్గించి నా దగ్గరికొచ్చి, "ఎవురి బిడ్డంట మాస్టారూ? ఏ కులమో తెలిసిందా?" అని అడిగింది. నాలుక మీద దివ్యసత్ప్రసాదం కరిగి అరగంట కూడా అయ్యుండదు. వాళ్ళిద్దరి బిడ్డేనమ్మా అన్నాను. "అది సరేలే" అని వెళ్ళిపోయింది.

సాయంత్రం నాలుగింటికి టౌన్లో చర్చ. రిటైరైన వాళ్ళం కొందరం నెలకోసారి చేరి ఏదో ఒక విషయం మీద మాట్లాడుకుంటాం. నవంబరు దత్తత మాసం కాబట్టి ఈసారి దత్తత. కేథలిక్కుల పక్షాన నేను. నా ఎదురు ఒక కాలేజీ లెక్చరరు, ఒక లాయరమ్మ. వచ్చినవాళ్ళు నలభై మంది ఉంటారు, వానకి అది ఎక్కువే. ఇంట్లో బయల్దేరుతుంటే మా ఆవిడ, "గెలిచొచ్చి ఎవురికి పెట్టాలంట? పులుసు ఆరిపోకముందే రాండి" అంది.

నా మాట బాగానే సాగింది, దాచుకోను. కేథలిక్ విశ్వాసాన్ని వివరించే సత్యోపదేశ గ్రంథంలో ఒక మాట ఉంది, దాని మీదే నిలబడ్డాను: బిడ్డ మనకి రావలసిన బాకీ కాదు, వరం. బాకీ అనుకున్నవాడు ఎట్టాగైనా వసూలు చేసుకోవాలని చూస్తాడు. హైవే పొడుగునా సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు, ఇన్ని లక్షలకి ఇన్నిసార్లు ప్రయత్నం, అదీ కుదరకపోతే అద్దె గర్భం. వాటికి శ్రీసభ ఒప్పుకోకపోవడం పిల్లల్లేనివాళ్ళ మీద కోపంతో కాదు. అదే పుస్తకంలో ఆ పక్క పేరాలోనే, వైద్యం చేయించుకున్నా ఫలించని దంపతులు దిక్కులేని బిడ్డల్ని చేరదీయవచ్చని ఉంది.

తర్వాత యేసుప్రభువుని పెంచిన జోజప్పగారి సంగతి ఎత్తుకున్నాను. మన నెల్లూరు కథీడ్రలు ఆయన పేరు మీదే ఉంది. బైబిల్లో మత్తయి సువిశేషం మొదటి పేజీలో అబ్రహాము నుంచి వరసపెట్టి వంశావళి ఉంటుంది, చదివేవాళ్ళు విసుక్కుని దాటేస్తారు. ఆ వరస చివరికి జోజప్ప దగ్గరికే వస్తుంది. యేసుప్రభువుని దావీదు కుమారుడా అని గుడ్డివాళ్ళు పిలిచారంటే ఆ దావీదు వంశం ఈ పెంచిన తండ్రి వైపు నుంచి లెక్కేసిందే, రక్తం చుక్క లేకుండా. బిడ్డకి పేరు పెట్టాడు, తన ఇంటికి తెచ్చుకున్నాడు, తండ్రయ్యాడు. ముందు వరసలో కూచున్న బాప్టిస్టు పాస్టరుగారు నా పాత స్నేహితుడు. ఆయన లేచి, రోమా పత్రికలో 'దత్తపుత్రాత్మ' అనే మాట ఉంది మాస్టారూ, మనందరం దత్తతకొచ్చినవాళ్ళమే అన్నాడు. చప్పట్లు ఆయనకే ఎక్కువ పడ్డాయి.

లెక్చరరు 2015 తీశాడు. తీస్తాడని తెలుసు. ఆ ఏడాది కేంద్రం దత్తత నియమాలు మార్చాక, మదర్ థెరిసా సిస్టర్లు పెళ్ళికాని ఒంటరివాళ్ళకి, విడాకులు తీసుకున్నవాళ్ళకి బిడ్డల్నివ్వలేమని చెప్పి దేశంలో దత్తత పనే మానుకున్నారు. "బిడ్డకి ఇల్లు దొరకడం ముఖ్యమా, మీ సిద్ధాంతం ముఖ్యమా?" అన్నాడు. బిడ్డకి అమ్మా నాన్నా ఇద్దరూ ఉండాలని సిస్టర్లు నమ్మారు, నమ్మినదాని ప్రకారం గుర్తింపు వెనక్కిచ్చారు, ప్రభుత్వంతో కొట్లాడలేదు, పిల్లల్ని అడ్డం పెట్టుకోలేదు అని చెప్పాను. చెరొకరి మనస్సాక్షికి చోటుండాలి, ఇచ్చే సంస్థలు వేరే ఉన్నాయి కదా అన్నాను.

వెనక నుంచి ఒక పెద్దాయన, నాకు బాగా ఎరుగున్నాయనే, "మీ నాయన పోయినాక మీ అమ్మ ఒక్కతే గదా మిమ్మల్ని సాకింది?" అన్నాడు. నాయన పోయేటప్పటికి నాకు పదహారు, చెల్లెలికి పది. చావు తండ్రిని తీసుకుపోవడం వేరు, మొదట్నుంచీ తండ్రి లేకుండా ఏర్పాటు చేయడం వేరు అన్నాను. ఇప్పుడు అడిగినా అదే చెప్తాను. కానీ చెప్తున్నంతసేపూ అమ్మ ఇడ్లీ పిండి రుబ్బుతున్న రోలు చప్పుడు చెవుల్లో ఉంది, మంచినీళ్ళు తాగాల్సొచ్చింది.

లాయరమ్మ ఐర్లండు ఎత్తింది. పెళ్ళికాకుండా తల్లులైన ఆడపిల్లల్ని సిస్టర్ల ఆశ్రమాల్లో పెట్టి, బిడ్డల్ని వేరే వాళ్ళకి ఇచ్చేసిన కథ. 2021 జనవరిలో విచారణ కమిషన్ నివేదిక వచ్చింది, ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. దాన్ని నేను సమర్థించలేదు. సమర్థించకపోవడం చర్చలో తెలివి అనుకుంటారేమో, అదేం కాదు, నిజంగానే నాకు సిగ్గేసింది. మన చట్టంలో బిడ్డనిచ్చిన తల్లికి మనసు మార్చుకోవడానికి రెండు నెలలు గడువుంది, అక్కడ చాలామంది ఆడపిల్లలకి అట్టా ఆలోచించుకునే వీలు దొరకలేదు అన్నాను. ఆమె తలూపింది. నేను గెలిచానో ఓడానో తెలియలేదు.

చివర్లో అంగన్‌వాడీలు చూసే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన ఆవిడ లేచింది. కోపంగా అడగలేదు, వంటకి ఉప్పు సరిపోయిందా అన్నట్టు అడిగింది. "మీరు చెప్పింది చాలా బాగుందండీ. మీ గుళ్ళో ఎన్ని ఇళ్ళవాళ్ళు తీసుకున్నారు?"

వేరే ఎవరినైనా అడిగితే తెలియదని తప్పించుకునేవాళ్ళు. రిజిస్టరు రాసేవాణ్ణి నేనే.

"నా చేత్తో రాసినవి మూడు" అన్నాను. "మూడోది ఇవాళ పొద్దున."

ఎవరూ నవ్వలేదు. శాలువా కప్పారు, మైసూరుపాకు పొట్లం ఇచ్చారు, అయిపోయింది.

ఆటోలో వస్తుంటే పట్టా సందులోంచి జల్లు కొట్టి పొట్లం తడిసింది. నాకు మూడు కాదు, నాలుగోది కళ్ళ ముందు తిరిగింది, రాయనిది.

1996. చెల్లెలికి పెళ్ళయి ఆరేళ్ళు, పిల్లల్లేరు. మద్రాసు ఆసుపత్రులకి రెండుసార్లు పోయొచ్చారు. ఒకరోజు మా ఇంటికొచ్చి, వసారాలో చిక్కుడుకాయలు వలుస్తూ, తలెత్తకుండా అడిగింది: "అన్నా, సిస్టర్లను అడిగి ఒక బిడ్డను తెచ్చుకుంటే ఎట్టా ఉంటది?" మా బావకి ఇష్టమే. నన్ను అడిగితే చాలనుకుంది.

నేను చదువుకున్నవాణ్ణి కదా, చట్టం చెప్పాను. 1956 దత్తత చట్టం హిందువులకి, బౌద్ధులకి, జైనులకి, సిక్కులకి. మనకి లేదు. మనకున్నది 1890 నాటి సంరక్షకుల చట్టం, దాని కింద నువ్వు సంరక్షకురాలివి అవుతావు గానీ తల్లివి కావు, బిడ్డ పెద్దదయ్యాక ఆ సంబంధం కూడా కాగితం మీద ఉండదు అన్నాను. ఒక్క ముక్క అబద్ధం లేదు. శ్రీసభ చట్టం 110లో దత్తత బిడ్డ ఆ తల్లిదండ్రుల బిడ్డేనని ఉంది, కానీ దేశ చట్టం ప్రకారం దత్తత జరిగితేనే అని ఉంది. శ్రీసభ దేశ చట్టాన్ని చూపిస్తుంది, దేశ చట్టం నీ మతానికి నాలో చోటు లేదంటుంది. 2000లో బాలల న్యాయ చట్టం వచ్చాక, 2006లో దాన్ని సవరించాక గానీ మనలాంటివాళ్ళకి తల్లీ తండ్రీ అయ్యే దారి సరిగ్గా పడలేదు.

చట్టం నిజమే. నా నోటికి ఆ చట్టం అంత తొందరగా ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఇందాక మెట్ల మీద అడిగినామె అడిగిందే నేనూ మనసులో అడుక్కున్నాను. ఎవరి బిడ్డో, ఏ రక్తమో, రేపు మన ఇళ్ళలో పెళ్ళి సంబంధాలకి ఏం చెప్పుకోవాలి. అప్పటికి పన్నెండేళ్ళుగా పిల్లలకి సత్యోపదేశం చెప్తున్నాను. చెల్లెలు చిక్కుడు తొక్కలు చేటలోకి దులిపి, "సరేలే అన్నా, నువ్వు చెప్పినాక ఇంకేంది" అంది. ఆ తర్వాత 2000 వచ్చింది, 2006 వచ్చింది. చట్టం మారిందమ్మా అని నేను మళ్ళీ చెప్పలేదు, తనూ అడగలేదు.

పులుసు ఆరిపోయింది. వేడి చేస్తే మా ఆవిడకి నచ్చదు, చల్లగానే తిన్నాను.

తొమ్మిదిన్నరకి చెల్లెలు కందుకూరు నుంచి ఫోన్ చేసింది. మీటింగు సంగతి దానికెవరో చెప్పారు.

"బాగా మాట్లాడినావంట గదా అన్నా."

"ఏదో మాట్లాడినాలే."

"పొద్దన గుళ్ళో ఎవురో పాపకి జ్ఞానస్నానం అంట. పెంచుకునే పాప." నేనేం అనలేదు. "పేరేం పెట్టినారు?"

చెప్పాను. అమ్మ పేరే అది, కలిసొచ్చింది. కాసేపు మాట లేదు.

"నడస్తా ఉందా?"

"ఏదైనా పట్టుకుని నడస్తా ఉంది."

"క్రిస్మసుకి నేనొచ్చినప్పుడు వాళ్ళింటికి తీసకపో. ఒక గౌను తెస్తా. పద్నాలుగు నెలలంటే సైజు ఎంతుంటదో వదినను అడిగి చెప్పు."

వదిన నిద్రపోయింది, పొద్దున్నే అడుగుతానన్నాను. కిటికీ అవతల వాన మళ్ళీ అందుకుంది. శాలువా తీగ మీద ఆరేశాను, రంగు దిగుతోంది.