బుధవారం: ఏడుపు మానితేనే మడమ ఆనింది

పొద్దున్నుంచి ముసురు. ఇలాంటి రోజున ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు సగం మంది రారు. కానీ పరకాల బస్సు దిగి హనుమకొండ చౌరస్తా నుంచి ఆటోలో వచ్చే ఆ అత్తాకోడళ్లు మాత్రం నేను థెరపీ గది తాళం తీసేసరికే వరండాలో ఉన్నారు, బాబు చంకలో. వాడికి మూడేళ్లు దాటాయి. 32 వారాలకే పుట్టాడు. నిలబెడితే రెండు కాళ్లూ బిగుసుకుపోయి మునివేళ్ల మీదే నిలబడతాడు. స్పాస్టిక్ డైప్లీజియా అంటాం దీన్ని, సెరిబ్రల్ పాల్సీలో, అంటే పసితనంలో మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే స్థితిలో, ఒక రకం, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

మ్యాట్ కనబడగానే ఏడుపు అందుకున్నాడు. ఇదివరకు తీసుకెళ్లిన చోట వాణ్ని పడుకోబెట్టి, ఇద్దరు పట్టుకుని కాళ్లు గుంజేవాళ్లట, ఎంత ఏడ్చినా ఆపేవాళ్లు కాదట. "ఏడిస్తే ఏడ్వనియ్యి, గట్ల గుంజితెనే నరాలు వదులైతయి అన్నరు మేడం" అంది తల్లి. ఈ మాట ఎన్నిసార్లు విన్నా నాకు కడుపు మండుతుంది. భయమేసినా, కోపమొచ్చినా, వెక్కివెక్కి ఏడ్చినా ఈ పిల్లల కండరాల బిగువు ఇంకా పెరుగుతుంది. అంటే ఏ బిగువు తగ్గించాలని కూర్చున్నామో దాన్నే మనం పెంచుతున్నాం, పైగా ఆ గదంటేనే వాడికి భయం పట్టేలా చేస్తున్నాం. అంత చేసీ ఒరిగేది ఏమైనా ఉందా అంటే, 2020లో ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నోవాక్ బృందం సెరిబ్రల్ పాల్సీ చికిత్సలన్నిటినీ జల్లెడ పట్టి రాసిన సమీక్షలో ఒట్టి చేత్తో గుంజడాన్ని పనిచేయని వాటి వరసలోనే పెట్టారు. పిల్లలు తమంతట తాము, తమకు కావాల్సిన పని కోసం కదలడమే ఫలితం ఇచ్చే వాటిలో ఉంది. కండరం సాగాలంటే ఎక్కువసేపు నిదానంగా సాగి ఉండాలి, దానికి పాదాన్నీ చీలమండనూ సరిగా పట్టి ఉంచే ఏఎఫ్‌ఓ బూట్లున్నాయి, పిండికట్టు వేసే పద్ధతి ఉంది, నిలబెట్టే ఫ్రేమ్ ఉంది.

మ్యాట్ చుట్టి బీరువా వెనక పెట్టేశాను. వాడికి బస్సులంటే ప్రాణం అని పోయిన వారం వాళ్ల నానమ్మ చెప్పింది. అందుకే ఇవాళ కుర్చీలు వరసగా వేసి, వాణ్ని చిన్న స్టూలు మీద కూర్చోబెట్టి, మెడలో గుడ్డసంచి వేసి కండక్టర్ని చేశాను. పాత క్యాలెండర్ కాగితం చింపి టికెట్లు. నానమ్మ పరకాలకు ఒకటి అడిగింది, అమ్మ హనుమకొండకు, నేను కాజీపేటకు. టికెట్ ఇవ్వాలంటే స్టూలు మీంచి లేవాలి, ఒక అడుగు పక్కకు వేయాలి, చెయ్యి చాపాలి, మళ్లీ వచ్చి కూర్చోవాలి. కూర్చుని లేవడం కంటే మంచి కాలి వ్యాయామం ఈ వయసులో నాకు తెలిసి లేదు. మొదట్లో ముక్కు చీదుతూ, కళ్లు తుడుచుకుంటూనే ఇచ్చాడు. తర్వాత గొంతు లేచింది, "టికెట్ టికెట్" అని. నేను కింద కూర్చుని వాడి పాదాలే చూస్తున్నా. ఏడుస్తున్నంతసేపూ ఎడమ మడమ నేలకు అందకుండా పైనే ఉంది, బొటనవేలు లోపలికి ముడుచుకుని నేలను గీరుతోంది. నానమ్మ కావాలని చిల్లర లేదని పేచీ పెట్టింది, వాడు పకపకా నవ్వాడు, ఆ నవ్వులో మోకాలు కాస్త వదులై మడమ మెల్లగా దిగి నేలకు ఆనింది. మళ్లీ లేచింది, మళ్లీ ఆనింది. తల్లిని కిందికి వంగి చూడమన్నాను. చూసింది, ఏమీ అనలేదు, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆట మధ్యలోనే దుబాయ్ నుంచి తండ్రి వీడియో కాల్. అందరు తండ్రులూ అడిగేదే ఆయనా అడిగాడు: "ఎప్పుడు నడుస్తడు మేడం?" తేదీ ఎవరూ చెప్పలేరన్నాను. రెండేళ్లలోపు ఆధారం లేకుండా కూర్చోగలిగిన పిల్లల్లో చాలామంది ఏదో ఒక రకంగా నడుస్తారు, మీవాడు ఆ వయసుకే కూర్చున్నాడు, అది మంచి గుర్తు. వాకర్‌తో కావచ్చు, కొంతకాలం చెయ్యి పట్టుకుని కావచ్చు. ఐదేళ్లలోపు వచ్చే మార్పే ఎక్కువ కాబట్టి ఇప్పుడు బస్సు చార్జీలకు వెనకాడొద్దని కూడా చెప్పాను.

పోయేముందు నానమ్మ నన్ను పక్కకు పిలిచి, "గ్రహణం నాడు ఇది బయట తిరిగింది బిడ్డా, నేను వద్దన్న" అంది. కోడలికి వినబడుతూనే ఉంది. ఇద్దరినీ కూర్చోబెట్టి ఎమ్మారై కాగితం తీశాను. నెలలు నిండని పసిమెదడులో నీరుండే గదుల పక్కనున్న తెల్లటి పదార్థం చాలా సున్నితం, రక్తం సరిగా అందకపోయినా ఇన్‌ఫెక్షన్ సోకినా దెబ్బతింటుంది, కాళ్లకు కబురు మోసే దారులు ఆ గదులకు దగ్గరగా ఉంటాయి కాబట్టి కాళ్లమీదే దెబ్బ ఎక్కువ. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు, మీ కోడలు చేసిన తప్పు ఏమీ లేదు. రెండోసారి కూడా చెప్పాను, ఎందుకంటే ఈ నింద మోస్తున్న తల్లి రాత్రి నిద్రపోదు, నిద్రలేని తల్లి పొద్దున పిల్లాడితో బస్సాట ఆడలేదు. ఇది కూడా నా పనే అనుకుంటాను, ఫైల్లో రాయడానికి గడి లేకపోయినా.

పదకొండింటికి నర్సంపేట పాప. పదిహేను నెలలు దాటినా వదిలిపెడితే నిలబడదని ఆ ఇంట్లో ఒకటే టెన్షన్. నెల ముందు పుట్టిన పిల్ల కాబట్టి ఆ నెల తీసేసి లెక్కేయాలి. ఆసరా లేకుండా నిలబడటం మామూలు పిల్లల్లో కూడా ఏడో నెల నుంచి పదిహేడో నెల దాకా ఎప్పుడైనా రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన పట్టికలు చెబుతున్నాయి. ఒంటి బిగువు కాస్త తక్కువ, అంతే, పరీక్షలో నాకు భయపడేది ఏమీ కనబడలేదు. నేను గమనించింది వేరే. పాప బల్ల పట్టుకుని నిలబడి ఒక చెయ్యి వదలగానే వాళ్లమ్మ "అయ్యయ్యో" అని రెండు చేతులూ చాపుతుంది. పాప ఆ మొహం చూస్తుంది, చతికిలబడుతుంది. ప్రతిసారీ ఇదే.

1985లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగం ఆమెకు చెప్పాను. ఏడాది పిల్లల్ని గాజుపలక మీద వదిలారు, ఒకచోట కింద గుంట ఉన్నట్టు కనిపిస్తుంది, అవతలి కొసన తల్లి. తల్లి నవ్వుతూ చూస్తే 19 మందిలో 14 మంది దాటి వెళ్లారు, భయపడిన మొహం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. గుంట అదే, గాజు అదే. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బల్లకు కాస్త దూరంలో నేలమీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, పాప ఊగినా సరే "దా బిడ్డా" అని నవ్వింది. నవ్వు బలవంతంగానే తెచ్చుకుంది, అయినా పాపకు సరిపోయింది, రెండు చేతులూ వదిలి ఒక క్షణం నిలబడి, పడి, మళ్లీ లేచింది. పడితే దెబ్బ తగలకుండా చుట్టూ దుప్పట్లు పరిచే ఉంచాం. ఇంట్లో కూర్చోబెట్టి తిప్పే ప్లాస్టిక్ వాకర్ అటక ఎక్కించమన్నాను, అది నడక నేర్పదు, పిల్లలు దానితో గడపల మీంచి పడతారు, కెనడా 2004లోనే దాని అమ్మకాలు నిషేధించింది.

మధ్యాహ్నం మండలంలోని భవిత కేంద్రానికి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది. వారానికోసారి వెళ్తాను. అక్కడ నా మనసంతా పదేళ్ల పాప మీదే ఉంటుంది. కుడివైపు హెమీప్లీజియా, అంటే ఆ పక్క కాలూ చెయ్యీ బలహీనం, నడుస్తుంది, చదువుతుంది, కానీ కుడిచెయ్యి ఎప్పుడూ చున్నీ కింద దాచుకుంటుంది. బాగున్న చేతికి గ్లౌజు తొడిగి బలహీనమైన చేత్తోనే పని చేయించే పద్ధతి మంచిదే, పోయిన ఏడాది ప్రయత్నిస్తే క్లాసులో అందరూ చూస్తారని ఒప్పుకోలేదు. ఒప్పుకోని పిల్లకు తొడగను. రెండు చేతులూ కలిపి వాడించే సాధన కూడా అన్నే గంటలు చేస్తే దానికి దీటుగానే పనిచేస్తుంది.

ఇవాళ తనే అడిగింది, "మేడం, నేను బతుకమ్మ ఆడొచ్చా?" ఏటా గట్టు మీద కూర్చుని చూస్తుందట, చప్పట్లు సరిగా పడవని. నాకు ఒళ్లు పులకరించింది. బతుకమ్మలో నాకు కావాల్సినదంతా ఉంది. వంగాలి, పక్కకు అడుగు వేయాలి, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారాలి, రెండు అరచేతులూ కలవాలి, చుట్టూ ఉన్నవాళ్ల లయ అందుకోవాలి. పూలు పేర్చడంలో ఇంకా ఎక్కువ ఉంది: గునుగు కాడను కుడిచేత్తో పట్టుకుని ఎడమచేత్తో సమంగా కత్తిరించాలి. కేంద్రం ముందున్న చెట్టు కింద రాలిన కొమ్మలతోనే మొదలుపెట్టించాను. కాడ మూడుసార్లు జారింది, వేళ్లు తెరుచుకోవడానికి టైం పట్టింది, చున్నీ అడ్డొస్తోందని తనే తీసి భుజాన వేసుకుంది. చప్పట్లకు కుడిచెయ్యి నిలకడగా ఉంచి ఎడమచేత్తో దాని మీద కొట్టమన్నాను, చప్పుడు బాగానే వచ్చింది.

బతుకమ్మ తొలిరోజు, ఎంగిలిపూల నాటికి ఇంకా టైముంది. సాయంత్రాలు అరగంట చెల్లెలితో కలిసి ఇంటి ముందు ఆడించమని వాళ్లమ్మకు ఫోన్‌లో చెప్పాను. వచ్చే బుధవారం గునుగు, తంగేడు, ఒక తాంబాళం తెమ్మన్నాను. అద్దకానికి రంగు నేను కొంటాను. టీచర్ గారు మిగతా ఆడపిల్లల్ని కూడా ఆ టైముకు పంపుతానన్నారు, కానీ ముందు పాపను అడిగి చెప్తానన్నాను. అడిగితే ఇద్దరిని చాలంది, పేర్లు కూడా తనే చెప్పింది.