మనకంటే తక్కువ వాన పడే చోట

మా ఊరు కళ్యాణదుర్గం పక్కన. ఇప్పుడుండేది ఆరెగాన్‌లోని ప్రైన్‌విల్‌లో. డేటా సెంటర్‌లో రాత్రి డ్యూటీ. అమెరికా అంటే పచ్చగా ఉంటుందనుకుని వచ్చాను. దిగిన రోజు కనిపించింది బూడిదరంగు పొదలు, నల్లరాళ్ళు, ఎండుగడ్డి. పడమటి కనుమలు మన మబ్బుల్ని ఆపినట్టే ఇక్కడ క్యాస్కేడ్ కొండలు ఆపేస్తాయి. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మి.మీ. వాన. పక్కనున్న బెండ్ ఊళ్ళో సగటున 300 కూడా పడదు. ఫోన్లో చెబితే నాయన నమ్మలేదు. "మరి నీళ్ళెట్లరా?" అన్నాడు.

ఒక శనివారం డ్యూటీ దిగి నేరుగా మెటోలియస్ నది పుట్టేచోటికి పోయాను. డెషూట్స్ అడవిలో, పాండరోసా పైన్ చెట్ల మధ్య కాలిబాట. ఎండకు కాగిన ఆ బెరడు దగ్గర ముక్కు పెడితే వెనిల్లా వాసన వస్తుంది. బ్లాక్ బ్యూట్ అనే చల్లారిన అగ్నిపర్వతం అడుగున, రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఉబికొస్తున్నాయి. పైన వాగు లేదు, వంక లేదు. పుట్టిన చోటే అది నది. చెయ్యి పెడితే జిల్లుమంది.

నాకు కాళ్ళు కదల్లేదు. మా చేన్లో నాలుగు బోర్లు వేశాం. మూడోది వేసినరోజు రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. బండివాళ్ళు పైపులు విప్పుకుంటుంటే నాయన ఆ తెల్లదుమ్ములోనే నిలబడిపోయాడు.

తేడా అంతా రాతిలో ఉంది. క్యాస్కేడ్ కొండల మీద మంచు మందంగా పడుతుంది. అక్కడి లావా రాయి వయసులో చిన్నది, నిండా పగుళ్ళు, బొరియలు. కరిగిన నీరు పైన పారిపోకుండా లోపలికి ఇంకి, ఏళ్ళ తరబడి నేలకింద నడిచి ఇట్లా బయటపడుతుంది. అందుకే నడివేసవిలోనూ ధార పెద్దగా తగ్గదు. మన గ్రానైట్‌లో పగులు తగిలితేనే నీరు. అయితే ఇక్కడా కరువుంది. ఈమధ్య బావులు ఎండిన ఇళ్ళూ ఉన్నాయి.

దారిలో అక్కడక్కడా ప్యూమిస్ రాయి, అంటే అగ్నిపర్వతం కక్కిన, నిండా బుడగలున్న రాయి. దక్షిణాన మజామా పర్వతం సుమారు 7,700 ఏళ్ళ కింద పేలి కూలినప్పుడు ఇంతదూరం వచ్చి పడింది. అది కూలిన గుంతే ఇప్పుడు 592 మీటర్ల లోతున్న క్రేటర్ లేక్. ఈ రాయి చేతికి బరువే తెలియదు. నీళ్ళలో వేస్తే తేలింది.

అక్కడ సిగ్నల్ లేదు. వీడియో తీసి, ఇంటికొచ్చాక పంపాను. మరునాడు నాయన ఫోన్ చేశాడు.

"కరెంటు పోయినా వస్తాయా ఆ నీళ్ళు?"

"వస్తాయి నాయనా. రాత్రీ పగలూ."

చాలాసేపు మాట్లాడలేదు.

"ఈసారి పోయినప్పుడు ఇంకొంచెం పొడుగు తియ్యి" అన్నాడు.